చీమ కుట్టినంత

పోయిన వారం నన్ను ఎక్కడ వదిలేసి వెళ్ళారో గుర్తుందిగా. కాలేజీ లాకర్ గదిలో, మా బావ పనిసంచీ ముందు గొంతుక్కూర్చుని, చేతిలో మా తమ్ముడి తాళంకప్పతో. దాని కొక్కెం తెగి ఉంది. అడుగున నేను పూసిన నీలం గోళ్ళరంగు మాత్రం చెక్కుచెదరలేదు.

మధ్యలో చేరినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పి ముందుకెళ్తాను. మా తమ్ముడు పాత ఇనుము ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. అక్కడో పెద్ద ప్రెస్ ఉంది. ఇనప పెట్టెలో తుక్కు పోస్తే, నూనె ఒత్తిడితో కదిలే దిమ్మ వచ్చి దాన్ని ట్రంకుపెట్టెంత మోపుగా నొక్కేస్తుంది. ఎనిమిది నెలల కిందట మా తమ్ముడు ఆ పెట్టెలో ఉండగా దిమ్మ కదిలింది. వాణ్ణి బయటికి తియ్యడానికి నాలుగు గంటలు పట్టింది. మాకు మూటగా కట్టి ఇచ్చారు. ముఖం చూస్తామంటే వద్దన్నారు. నేను మాట వినే రకం కాదు కదా, విప్పి చూశాను. చూడకుండా ఉండాల్సింది.

ఆ ఫ్యాక్టరీలో ఒక రూలుంది. మిషనులోకి దిగేవాడు ముందు మెయిన్ స్విచ్ ఆపాలి, దానికి తన సొంత తాళం వెయ్యాలి, తాళంచెవి తన జేబులో పెట్టుకుని దిగాలి. వాడు తప్ప ఆ తాళాన్ని ఇంకెవరూ ముట్టుకోకూడదు, ఓనరే దిగొచ్చినా సరే. అందరి తాళాలూ ఒకేలా ఉంటాయని మా తమ్ముడు గొణుగుతుంటే వాడిదానికి నేనే నీలం రంగు పూసిచ్చాను. వాడు తాళం వెయ్యకుండా దిగాడని, తన నిర్లక్ష్యంతో తనే చచ్చాడని కాగితాల్లో రాశారు. సాక్షిగా ఫోర్మన్ సంతకం పెట్టాడు. ఆ ఫోర్మనే మా అక్క మొగుడు, మా బావ.

గ్యాస్ కట్టేశానా లేదా అని వీధి చివరి నుంచి వెనక్కొచ్చే మనిషి మా తమ్ముడు. వాడు తాళం మర్చిపోయాడంటే నేను నమ్మాలా? అందుకే నలభయ్యో ఏట, పొద్దున పూట లాండ్రీలో పని చేసుకుంటూ, మధ్యాహ్నాలు ఈ కమ్యూనిటీ కాలేజీలో హైడ్రాలిక్స్ కోర్సులో చేరాను. నా తమ్ముణ్ణి మింగిన మిషను ఎలా పనిచేస్తుందో నాకు తెలియాలి. తీరా చూస్తే, ఆ చావు తర్వాత ఫోర్మన్లందరికీ సర్టిఫికెట్ ఉండి తీరాలని పై నుంచి ఆర్డరొచ్చిందట, మా బావ కూడా అదే క్లాసులో వచ్చి పడ్డాడు. వెనక బెంచీలో కూర్చుని నా నోట్సు చూసి రాసుకునేవాడు. అక్క మొహం చూసి ఊరుకున్నాను. ఆయన రాని రోజు హాజరు పట్టీలో ఆయన పేరు ముందు నేనే సంతకం గిలికేదాన్ని. ఆ సంతకాల సంగతి గుర్తుపెట్టుకోండి, దానితో పనుంది.

శనివారం క్లాసులుండవు. మధ్యాహ్నం ఒంటిగంటన్నరకి ల్యాబ్ తెరిచాను. తాళంచెవి నాకు మా మాస్టారు ఇచ్చారు, వచ్చే వారం పరీక్షకి ప్రాక్టీసు చేసుకొమ్మని. ఆయన ఈ ఏడాదే కాలేజీకొచ్చారు. సన్నగా, నెమ్మదిగా, గొంతు పైకి లేవని మనిషి. మొదటి రోజే ఒక్కొక్కరికీ పోస్టుకార్డంత అట్టముక్క పంచిపెట్టి, నూనె ఎక్కడ కారుతోందో వెతకాలంటే ఈ ముక్కతోనే వెతకాలి, చెయ్యి పెట్టినవాణ్ణి క్లాసులోంచి గెంటేస్తానన్నారు. అప్పట్నుంచి క్లాసంతా ఆయన్ని అట్టముక్క మాస్టారనే పిలుస్తాం. నా నోట్సులో ముఖ్యమైన వాక్యాల కింద ఎర్రసిరాతో గీత గీసేవారు. ఇంట్లో వాళ్ళు కూడా నన్ను అంత శ్రద్ధగా పట్టించుకోలేదు. నాకు ఆయనంటే గురి.

పంపు బెంచికి డొక్కు గొట్టాన్ని బిగించాను. పరీక్షలో లీకు పట్టుకోవడానికని మాస్టారు దాన్ని విడిగా దాచారు, ఎర్ర టేపు చుట్టి. ఎక్కడో సూదిబెజ్జమంత చిల్లుంది, కంటికి ఆనదు. పంపు ఆన్ చేసి ఒత్తిడి పెంచుకుంటూ పోతే గేజిలో ముల్లు రెండు వందల బార్ దగ్గర ఆగింది. బస్సు టైరులో ఉండేదానికి పాతికరెట్లు. ఎక్కడి నుంచో ఉస్సుమని సన్నగా చప్పుడు. అట్టముక్క తీసుకుని మొదలుపెట్టబోతుంటే తలుపు తోసుకుని మా బావ వచ్చాడు. నేనే రమ్మన్నాను. పరీక్షలో ఏమొస్తుందో చెబుతానంటే ఎగేసుకుని వచ్చాడు.

నేను చుట్టూ తిప్పి మాట్లాడలేదు. తాళంకప్ప తీసి బెంచి మీద ఆయన ముందు పెట్టాను.

ముందు నవ్వబోయాడు. సగంలో ఆ నవ్వు ఆగిపోయింది. ఎక్కడిదని అడిగాడు. నీ సంచీలోదే అన్నాను. అడిగిందేమిటో తెలుసా? తాళం ఎలా తెగిందని కాదు, నా సంచీ ఎందుకు ముట్టుకున్నావని. అంటూనే చెంప మీద కొట్టాడు. పెదవి చిట్లి నోట్లో ఉప్పగా తగిలింది.

మా బావ చేతి దెబ్బ మా అక్కకి అలవాటేమో గానీ నాకు కాదు. బెంచి మీద పెద్ద స్పానరుంది, ముంజేతి పొడుగుది. రెండు చేతులా ఎత్తి ఆయన మోచేతి మీద వేశాను. ఎముక చప్పుడు వినబడింది. గేదెలా అరిచి, రెండో చేత్తో నా జుట్టు పట్టుకుని తల బెంచి అంచుకి మోదాడు, ఒకసారి కాదు, మూడుసార్లు. మూడోసారికి ముందుపన్ను ఒకటి ఊడి నాలుక మీద పడింది. నేను ఆయన మణికట్టు అందుకుని పళ్ళు దింపాను. మిగిలిన పళ్ళతోనే. రక్తం వచ్చేదాకా వదల్లేదు. పొట్టలో తన్నాడు. నేల మీద పడ్డాను. స్పానరు జారుకుంటూ బీరువా కిందికి పోయింది. మెడ మీద కాలేసి తొక్కాడు, ఊపిరాడక నా కాళ్ళు టపటప నేలకేసి కొట్టుకున్నాయి. చంపేస్తాడనే అనుకున్నాను. ఇంక నాలుగు క్షణాలు తొక్కి ఉంటే పని అయిపోయేది కూడా.

మరి ఎందుకాగాడంటే, ఆ ఉస్సుమనే చప్పుడు ఆయన చెవిన పడింది.

మీకు నవ్వొస్తుంది గానీ మిషన్ల దగ్గర ముసలైనవాళ్ళు అంతే. ఇల్లు కాలిపోతున్నా పంపు శబ్దంలో తేడా వస్తే అటే తల తిప్పుతారు. కాలు తీసి గేజి చూశాడు, ముల్లు వణుకుతోంది. ఆరు నెలలు చదివావు, ఒక లీకు పట్టుకోవడం చేతకాదు, నువ్వు నన్ను నిలదీస్తావా అని ఎగతాళి చేశాడు. ఇరవై ఏళ్ళ అనుభవం అంటే ఏమిటో చూడమన్నాడు. అరచెయ్యి తెరిచి, గొట్టం మీద ఈ చివర్నుంచి ఆ చివరికి మెల్లగా నిమరడం మొదలుపెట్టాడు. ఫ్యాక్టరీలో పాత మిషన్ల దగ్గర, ఒత్తిడి సగం కూడా లేనిచోట, ఇరవై ఏళ్ళుగా అలాగే వెతికాడు. చేతికి తడి తగిలితే చాలు, అదే లీకు.

నేల మీద పడి చూస్తున్నాను. ఆ చెయ్యి ఎటు పోతోందో నాకు తెలుసు. తీస్తే ఏమవుతుందో, తియ్యకపోతే ఏమవుతుందో కూడా తెలుసు. ఒక్క మాట అంటే చాలు. నోట్లో రక్తముందని, గొంతు నలిగిపోయి మాట రాలేదని మీకు అబద్ధం చెప్పొచ్చు. చెప్పను. మాట వచ్చేదే. అనలేదు.

చెయ్యి గొట్టం మధ్యకొచ్చేసరికి స్స్ అని వెనక్కి లాక్కున్నాడు. చూసుకున్నాడు. చూపుడువేలి మొదట్లో ఎర్రగా చిన్న చుక్క. రక్తం బొట్టు కూడా కాదు. దొరికింది చూశావా అని నాకే చూపించాడు. చీమ కుట్టినంత, అంతే అన్నాడు.

నేను పాక్కుంటూ వెళ్ళి పంపు ఆపాను. గోడ గడియారం చూశాను, రెండూ పది. నోట్లో పన్ను చేతిలోకి ఊసి జేబులో వేసుకుని, స్టూలు లాగి, కూర్చో బావా అన్నాను.

ఆయనకి ఆ సంగతి తెలియదు. దాని గురించి మాస్టారు మూడు వారాల కిందట సోమవారం క్లాసంతా చెప్పారు. బావ ఆ రోజు రాలేదు. హాజరు పట్టీలో మాత్రం వచ్చాడు, నా పుణ్యమా అని. నేను బల్ల మీద నోట్సు తెరిచి ఆ పేజీ ఆయన ముందు పెట్టాను. అంత ఒత్తిడితో సూదిబెజ్జంలోంచి వచ్చే నూనె తడిపి ఊరుకోదు, చర్మంలోకి దూరిపోతుంది. లోపల నరాల వెంట వేలి నుంచి అరచేతికి, అరచేతి నుంచి ముంజేతికి పాకుతుంది. మొదట్లో నొప్పే ఉండదు. ఆ తర్వాత మాంసం లోపల్లోపలే చచ్చిపోతుంది. ఆరు గంటల్లోపు పెద్దాసుపత్రిలో చెయ్యి నిలువునా కోసి, కడిగి, నూనె తీసెయ్యాలి. ఆలస్యమైతే వేలు, ఇంకా ఆలస్యమైతే చెయ్యి, మరీ అయితే మనిషి. చిన్న డాక్టరు దగ్గరికి వెళ్తే ఆ చుక్క చూసి మందు రాసి ఇంటికి పంపేస్తాడు. ఏం జరిగిందో సరిగ్గా చెప్పగలిగే మనిషి పక్కన ఉండాలి.

పక్కన ఉన్నది నేనొక్కదాన్నే. ఆ మాట కూడా చెప్పాను.

నమ్మలేదు. ఆడదాని బెదిరింపు అనుకున్నాడు. లేచి వెళ్ళిపోబోయాడు కూడా. నేను ఆపలేదు, వేలు వంచి చూసుకో అన్నాను. వంగలేదు. కొవ్వొత్తిలా తెల్లబడి బిర్రబిగుసుకుంది. సూదితో పొడుచుకోమని సూది ఇచ్చాను. పొడుచుకున్నాడు, తెలియలేదు. ఇంకోసారి లోతుగా పొడుచుకున్నాడు. అప్పుడు ఆయన కళ్ళలోకి భయం దిగింది.

రెండున్నరకి నొప్పి మొదలైంది. అరచెయ్యి ఉబ్బి వేళ్ళు విడివిడిగా నిలబడ్డాయి. మనిషి చెమటలో తడిసిపోయాడు. రెండో చెయ్యేమో నేను మోచెయ్యి విరగ్గొట్టింది, కదిపితే ప్రాణం పోతోంది. నా కాళ్ళ దగ్గర కూలబడి, మీ అక్క మొహం చూడవే, తీసుకెళ్ళవే అని ఏడ్చాడు. నాకు హాయిగా అనిపించింది. దాచుకోవడం దేనికి, ఎనిమిది నెలల్లో మొదటిసారి ఒళ్ళు చల్లబడింది. ఆ తర్వాత ఇలా అనిపించిందని నా మీద నాకే రోత పుట్టింది. అయినా లేవలేదు.

"నా తమ్ముడి తాళం ఎవరు కోశారు?"

"నేనే."

"వాడు లోపలున్నాడని తెలిసే కోశావా?"

మా అక్క మీద ఒట్టేసి తెలియదన్నాడు. అక్క మీద ఒట్టు ఆయనకెంత విలువో నాకు తెలుసు, పిల్లల మీద వెయ్యమన్నాను. వేశాడు. ఆ తర్వాత కక్కేశాడు. ప్రెస్సులో తీగలు చుట్టుకుని ఆగిపోతే మా తమ్ముడు స్విచ్ ఆపి, తాళం వేసి, పెట్టెలోకి దిగాడు. బావ అప్పుడు అవతలి షెడ్డులో ఉన్నాడు. నెలకోసారి సర్వీసుకని బయటి నుంచి ఒక ఇంజనీరు వచ్చేవాడట. మా ఇంట్లో ఎవరమూ ఎన్నడూ చూడలేదు. ఆ రోజు ఆ ఇంజనీరు బావని పిలిచి, కుర్రాడు తాళం వేసి కాంటీన్ కెళ్ళి కూర్చున్నాడు, పెట్టెలోకి తొంగి చూశాను, ఎవరూ లేరు, కోసెయ్ అన్నాడు. పని ఆలస్యమవుతోంది. బావ కట్టరు తెచ్చి కోశాడు.

"కోశాక?"

"ఆయనే నొక్కాడు. నేను నీ తమ్ముడి తాళం చేతిలో పట్టుకుని ఉన్నాను. బటన్ మీద బొటనవేలు పెట్టి, ఎవరింటికో వెళ్ళి కాలింగ్ బెల్ నొక్కినట్టు, మెల్లగా నొక్కాడు."

బావే చెప్పుకుంటూ పోయాడు. మా తమ్ముడికి పనిలో పాడుకునే అలవాటు. కట్టరు చప్పుడులో బావకి వినబడలేదు. ఆపగానే వినబడిందట, పెట్టెలోంచి సన్నగా పాట. ఆ ఇంజనీరు అప్పటిదాకా పెట్టె పక్కనే నిలబడి ఉన్నాడు. ఆయనకి వినబడకుండా ఎలా ఉంటుంది? బావ ఆగమని అరిచేసరికి దిమ్మ కదిలిపోయింది. పాట పాటగానే ఆగలేదన్నాడు. ఎలా ఆగిందో చెప్పబోతే వద్దన్నాను.

అంతకు వారం ముందే మా తమ్ముడికీ ఆ ఇంజనీరుకీ గొడవైందట. మిషను ముట్టుకోకుండానే సర్వీసు చేసినట్టు ఆ మనిషి సంతకాలు పెడుతున్నాడని, పైకి రాస్తానని మా తమ్ముడు అన్నాడట. నాకు నా హాజరు పట్టీ సంతకాలు గుర్తొచ్చాయి. చావు తర్వాత బావ నోరు మూసుకున్నాడు, ఎందుకంటే కోసిన చెయ్యి తనది. కానీ తాళంకప్ప పారెయ్యలేదు. రేపు ఆ మనిషి అంతా తన మీదికి తోస్తే చూపించడానికని దాచుకున్నాడు. ఉద్యోగం కోసం, పిల్లల కోసం అన్నాడు. మా తమ్ముడు మోసి పెంచిన పిల్లలే వాళ్ళు.

ఎక్కడున్నాడు ఆ ఇంజనీరని అడిగాను. బావ తలెత్తాడు. పెదాలు కదిలాయి. అప్పుడే వరండాలో అడుగుల చప్పుడైంది, తలుపు తెరుచుకుంది.

అట్టముక్క మాస్టారు.

నా ప్రాణం లేచొచ్చింది. నిజం చెప్పాలంటే ఆయన్ని చూసి ఏడ్చేశాను. ఎంత పాపిష్టిదాన్నైనా, బావ చెయ్యి పోవాలని లేదు నాకు, నాకు కావాల్సింది నిజం, అది దొరికింది. ఇంక ఆసుపత్రికి తీసుకెళ్ళాలి, ఏం చెప్పాలో నాకంటే బాగా తెలిసిన మనిషి వచ్చాడు. గబగబా చెప్పాను, రెండు వందల బార్, చూపుడువేలి మొదలు, రెండూ పదికి, ఇప్పుడు మూడు కావస్తోంది. బావ చెయ్యి పైకెత్తి చూపించాను.

మాస్టారు నా చిట్లిన మూతి చూశారు. బావ చెయ్యి చూశారు. తర్వాత బెంచి మీద నీలం రంగు తాళంకప్ప చూశారు. చేతికంటే దాన్నే ఎక్కువసేపు చూశారు.

దగ్గరికొచ్చి బావ వేలు పట్టుకుని అటూ ఇటూ తిప్పారు, ఎప్పటిలాగే నెమ్మదిగా. "దీనికింత కంగారెందుకమ్మా? ఏమీ లేదు ఇందులో, చీమ కుట్టినంత. ఇంటికెళ్ళి పడుకొమ్మను. పొద్దుటికి అదే తగ్గిపోతుంది."

నేను సరిగా వినలేదేమో అనుకున్నాను. బల్ల మీద నోట్సు ఇంకా తెరిచే ఉంది. చూడడానికి ఏమీ ఉండదు, ఏమీ లేదన్నవాణ్ణి నమ్మొద్దు, ఆరు గంటలు. ఆయన చెబితే నేను రాసుకున్న వాక్యం. కింద ఆయన చేత్తో గీసిన ఎర్ర గీత, రెండుసార్లు.

మా బావ లేచి నిలబడ్డాడు. ఉబ్బిన చేతిని గుండెకి హత్తుకుని, తల దించుకుని, "సరే సార్" అన్నాడు. క్లాసులో ఆరు నెలలుగా ఆయన్ని ఎప్పుడూ మాస్టారనే పిలిచాడు. ఈ సార్ అన్న గొంతు నాకు కొత్త. ఫ్యాక్టరీలో వాడే గొంతు అది.

బావా, వెళ్ళకు, ఆసుపత్రికి పద అని ఆయన చొక్కా పట్టుకుని తలుపు వైపు లాగాను. బావ నా వైపు చూడలేదు. మాస్టారు మాకంటే ముందే తలుపు దగ్గరికి చేరి గడియ పెట్టాడు. బెంచి మీది నీలం తాళంకప్ప తీసి తన జేబులో వేసుకున్నాడు. డొక్కు గొట్టాన్ని వంచి, చిల్లున్న చోటు మా వైపు తిప్పి పట్టుకున్నాడు.

ఆ తర్వాత రెండో చెయ్యి గోడ మీద పంపు స్విచ్ దగ్గరికి పోయింది. బటన్ మీద బొటనవేలు పెట్టి, మెల్లగా నొక్కాడు.